ఊళ్ళో పోయిన పెద్దవాళ్ళ గురించి ఎలా రాయాలి? మా దివిసీమ ఊరి అనుభవం

ఈమధ్య పోయిన మీ ఊరి పెద్దల గురించి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం అన్నారు. ఇళ్ళకెళ్ళి అడిగితే అందరూ "చాలా మంచివారు, దైవభక్తి ఎక్కువ, ఎవర్నీ ఒక మాట అనేవారు కాదు" అనే చెబుతున్నారని, ఏ ఇద్దరి గురించి రాసినా ఒకేలా వస్తోందని అడిగారు. చెడు కూడా రాయాలా అన్నది మీ రెండో ప్రశ్న. మా ఊళ్ళో కొంతమందిమి కలిసి కొన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నాం. అందుకే కాస్త పొడుగ్గా చెబుతున్నా.

ముందు ఒక్క మాట. ఇంట్లోవాళ్ళతోనే ఆపేయకండి. ఇంట్లోవాళ్ళు దుఃఖంలో ఉంటారు, పైగా కొడుక్కి నాన్న నాన్నగానే తెలుసు, ఆయన ముప్ఫై ఏళ్ళ వయసులో ఎలా ఉండేవాడో, ఎవరితో గొడవపడ్డాడో, ఎవరికి చాటుగా సాయం చేశాడో కొడుక్కి తెలిసే అవకాశం తక్కువ. ఆయనతో పొలం పని చేసినవాళ్ళని, ఆయన దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళని, పక్కింటి ముసలమ్మని, పుట్టింటి వైపు బతికున్న చెల్లెల్ని అడగండి. ఆ మనిషి మీకు అక్కడ కనిపిస్తాడు.

మా దగ్గర జరిగిందే చెబుతాను. మా ఊరి కిరాణా కొట్టు పెద్దాయన పోయారు. కొడుకులు చెప్పింది, "నాన్నగారు చాలా స్ట్రిక్టు, పైసా దగ్గర కూడా లెక్క తప్పనిచ్చేవారు కాదు", అంతే. అది రాసుకుని వచ్చేశాం, అప్పటికి మాకూ ఇంకేం అడగాలో తోచలేదు. పెద్దకర్మ రోజున భోజనాల దగ్గర పల్లెపాలెం నుంచి వచ్చిన ఒక చేపల వేటగాడు, ఆయనకీ డెబ్భై దాటాయి, చేయి కడుక్కుంటూ ఉప్పెన తర్వాత ఖాతా పుస్తకం సంగతి ఎత్తాడు.

మాది దివిసీమ అని చెప్పాను కదా. 1977 నవంబరు 19, శనివారం. ఇక్కడ పెద్దవాళ్ళెవరూ తుఫాను అనరు, ఉప్పెన అంటారు. ఆ సాయంత్రం సముద్రం లోపలికి వచ్చేసింది, ప్రభుత్వ లెక్కల్లోనే 10 వేల మందికి పైగా పోయారు, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళల్లో ఇళ్ళకి ఇళ్ళే లేకుండా పోయాయి. మా కిరాణా పెద్దాయన ఆ రోజు కొట్టు వదిలేసి డాబా ఎక్కుతూ తన అరువు ఖాతా పుస్తకం ఒక్కటీ నడుముకి కట్టుకుని ఎక్కారట. జనం దాన్ని చూసి ఆ టైములో కూడా బాకీల గురించే ఆలోచన అని తిట్టుకున్నారట. కానీ నీళ్ళు తీశాక, ఎవరు మిగిలారు, ఎవరు పోయారు అని లెక్క తీయాల్సి వచ్చినప్పుడు ఏ గుడిసెలో ఎంతమంది ఉండేవారో చెప్పే కాగితం ఊళ్ళో అదొక్కటే మిగిలింది. ఏ ఇంటికి ఎన్ని కుంచాల బియ్యం వెళ్ళేవో, ఎవరి కూతురు వచ్చి నూనె పట్టుకెళ్ళేదో, చంటిపిల్లకి ఎప్పట్నించి పాలడబ్బా తీసుకున్నారో అందులో రాసి ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని పేరు పేరునా చదువుతుంటే బతికినవాళ్ళు "ఉన్నాడు", "లేదు" అని చెప్పారట. పోయినవాళ్ళ బాకీలు వాళ్ళ బంధువుల్ని ఎప్పుడూ అడగలేదు. వాళ్ళ పేర్లు కొట్టేయనూ లేదు. ఆ పుస్తకం అటక మీద ఉందని, దాని సంగతి ఇదని కొడుకులకి ఆ రోజే తెలిసింది.

ఇంక మీ రెండో ప్రశ్న. అదే పెద్దాయన తర్వాతి రోజుల్లో తాకట్టు వడ్డీల దగ్గర చాలా కఠినంగా ఉండేవారు, ఒకావిడ పుస్తెలు విడిపించుకోలేకపోయింది, ఆవిడ కూతురు ఇప్పటికీ ఆ మాట చెబుతుంది. రెండూ రాశాం. ముందు కొడుకులతో కూర్చుని మాట్లాడాం, చిన్నకొడుకు ఒప్పుకోలేదు, పెద్దకొడుకు "ఊళ్ళో అందరికీ తెలిసిందే కదరా, రాయకపోతే మిగతాదీ నమ్మరు" అన్నాడు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. అయితే దీనికి ఒక హద్దు ఉంది. ఎవరి ఇంటి గుట్టో బయటపడి ఇప్పుడు బతికున్న ఆడపిల్లకో, మనవడికో ఇబ్బంది అవుతుందంటే అది ఎంత నిజమైనా రాయం.

ఎప్పుడు అడగాలి అన్నది చాలామంది పట్టించుకోరు. పెద్దకర్మ రోజు మంచి సమయం, ఎందుకంటే అన్ని వైపుల వాళ్ళూ వస్తారు, మనసులో మాటలు పైకి వస్తాయి. ఆ రోజు ఫోను ముందుపెట్టి ఇంటర్వ్యూలు చేయొద్దు, అది బాగుండదు. ఎవరు ఏం చెప్పారో గుర్తుపెట్టుకుని, నెలా రెండు నెలల తర్వాత వాళ్ళ ఇంటికి వెళ్ళండి. సంక్రాంతి ఇంకా మంచిది. మా వైపు పండక్కి పెద్దలకి బట్టలు పెట్టుకుంటారు, ఆ బట్టలు పెట్టేటప్పుడు ఎవరో ఒకరు వాళ్ళ కబురు ఎత్తుతారు, పైగా హైదరాబాదు నుంచీ, బయటి దేశాల నుంచీ పిల్లలు వస్తారు. సంవత్సరీకం దాటాక మాత్రం కష్టం. ఫ్లెక్సీ చిరిగిపోతుంది, మంచం తీసేస్తారు, కాగితాలు తగలబెట్టేస్తారు. మేం వెళ్ళేసరికి ట్రంకుపెట్టె పాత సామానువాడికి వేసేసిన ఇళ్ళున్నాయి.

మనకి తలుచుకునే పద్ధతులు లేక కాదు. తర్పణాలు వదిలే ఇళ్ళల్లో నాన్న, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెబుతారు. క్రైస్తవుల ఇళ్ళల్లో నవంబరు 2న సమాధుల పండగకి సున్నం వేసి కొవ్వొత్తులు పెడతారు. అవన్నీ పేరుని కాపాడతాయి. ఆ మనిషి ఏం చేశాడు, ఏది తినేవాడు, దేనికి కోపం తెచ్చుకునేవాడు అన్నది ఎవరో ఒకరు విడిగా రాస్తేనే ఉంటుంది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకా శ్రద్ధ పెట్టాలి. మా ఊళ్ళో పెద్దావిడలు చాలామందిని అసలు పేరుతో ఎవరూ పిలవలేదు, పుట్టింటి ఊరి పేరుతో మోపిదేవి అత్తయ్య, చల్లపల్లి పిన్ని, లేకపోతే ఫలానా వాడి అమ్మ. ఒకావిడ పేరు రేషన్ కార్డులో ఒకటి, ఓటరు లిస్టులో ఒకటి, మనవరాళ్ళకి తెలిసింది ఇంకోటి. పుట్టింటి ఊరు వెళ్ళి అడిగితేనే సరైనది తెలిసింది. అక్కడే ఇంకో సంగతీ తెలిసింది, ఆవిడ ఐదో తరగతి దాకా చదువుకుందని. దాంతో మా వీధిలో పెద్దవాళ్ళు ఒక్కొక్కరుగా చెప్పడం మొదలుపెట్టారు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళందరికీ పుట్టింటికి పోస్టుకార్డులు రాసిపెట్టింది ఆవిడేనట. అత్తగారు పెట్టే బాధలు, మొగుడి తాగుడు, కడుపు నిలవకపోవడం, అన్నీ ఆవిడ చేత్తోనే వెళ్ళాయి. ఒకరి సంగతి ఇంకొకరికి ఎప్పుడూ చెప్పలేదని ముగ్గురు నలుగురు ఒకే మాట అన్నారు. ఆవిడ గురించి ఇంట్లోవాళ్ళు మాకు చెప్పింది "వంట బాగా చేసేది" అని.

వయసులు, తేదీల గురించి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే దాన్ని పుట్టినరోజుగా వేయకండి, తేదీ తెలియనివాళ్ళకి చాలామందికి అలాగే వేశారు. మేం ఉప్పెనని, పుష్కరాలని పట్టుకుని లెక్క కట్టాం. కృష్ణా పుష్కరాలు 1956, 1968, 1980, 1992, 2004, 2016లో వచ్చాయి. "ఉప్పెననాటికి నా రెండోవాడు చంకలో ఉన్నాడు", "పెళ్ళయిన ఏడాది పుష్కరాలకి వెళ్ళాం" అంటే ఒకటి రెండేళ్ళ తేడాతో దొరికేస్తుంది. మీ ఊళ్ళో గుడి కట్టిన ఏడాదో, కరెంటు వచ్చిన ఏడాదో, అందరికీ గుర్తుండే ఏదో ఒకటి ఉంటుంది. పోయిన తేదీకి మాత్రం పంచాయతీలో మరణ ధ్రువపత్రం చూడండి, చావుని 21 రోజుల్లోగా నమోదు చేయాలి కాబట్టి అది చాలావరకు సరిగ్గా ఉంటుంది.

అడిగే తీరు కూడా ముఖ్యం. "ఆయన గురించి నాలుగు మాటలు చెప్పండి" అంటే మైకు పట్టుకున్నట్టు మాట్లాడతారు. "పొద్దున్నే లేచి ముందు ఏం చేసేవారు?", "ఆయన చెప్పులు ఎక్కడ విడిచేవారు?", "మీ ఇద్దరికీ దేని దగ్గర మాట తేడా వచ్చేది?" ఇలా అడగండి. చెప్పేవాళ్ళు మధ్యలో ఆగిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా ఊరుకోండి, తర్వాత వచ్చే మాటే అసలు మాట. వాళ్ళ మాటల్ని దిద్దొద్దు, "వొచ్చాడు" అంటే అలాగే ఉంచండి.

ఊరంటే సెంటర్లో నాలుగు వీధులే అనుకుని చేయొద్దు అని గట్టిగా చెబుతున్నా. మాల పల్లె, మాదిగ పల్లె, పల్లెపాలెం, చెరువు కట్ట మీద గుడిసెలు, అన్నింటికీ వెళ్ళండి. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టే స్తోమత ఉన్నవాళ్ళ లిస్టుతో మొదలుపెడితే పుస్తకం వాళ్ళతోనే అయిపోతుంది. మేం పింఛన్లు తీసుకునేవాళ్ళ జాబితాతో మొదలుపెట్టాం, ఏ ఇల్లూ తప్పిపోకుండా. ఎవరూ లేనివాళ్ళని ముందు రాయండి, ఎందుకంటే వాళ్ళ గురించి అడగడానికి మీ దగ్గరికి ఎవరూ రారు. రేవులో బల్లకట్టు నడిపిన తాత ఒకాయన ఉండేవారు, పెళ్ళి కాలేదు, తమ్ముడి కుటుంబం ఉప్పెనలో పోయింది. వంతెన వచ్చాక రేవులో పని లేకుండా పోయినా, రోజూ వెళ్ళి అక్కడే కూర్చునేవారు. ఆయన గురించి రాయడానికి స్కూలు పిల్లలే సాయం చేశారు, నది లోతు ఎక్కడెంతో, ఏ నెలలో నీళ్ళు ఎటు లాగుతాయో వాళ్ళకి చెప్పి ఉన్నారు కాబట్టి.

ఖర్చు పెద్దగా కాదు. డీటీపీ, జిరాక్సు, స్పైరల్ బైండింగ్ చాలు. వాట్సాప్ గ్రూపులో పెట్టి వదిలేయకండి, ఫోను మారితే పోతుంది. గ్రంథాలయంలో ఒకటి, బడిలో ఒకటి ఉంచండి, పెళ్ళయి బయటి ఊళ్ళకి వెళ్ళిన కూతుళ్ళకి కూడా పంపండి, వాళ్ళని అందరూ మర్చిపోతారు.

అచ్చుకి ఇచ్చే ముందు ఇంటికి వెళ్ళి చదివి వినిపించండి. కాగితం చేతిలో పెట్టి రావడం కాదు, చదవడం రానివాళ్ళు చాలామంది ఉంటారు, వచ్చినా కళ్ళు ఆనవు. నెమ్మదిగా చదవండి, తప్పుంటే అక్కడే దిద్దుతారు, వద్దన్న వాక్యం తీసేయండి. వింటూ వింటూ ఇంకో రెండు సంగతులు చెబుతారు, అందుకని పెన్ను పట్టుకునే వెళ్ళండి.