మొదటి సినిమా రాస్తున్న మేనల్లుడికి

అల్లుడూ,

నీ స్క్రిప్టు మొత్తం చదివాను. కావలి పక్క రొయ్యల గుంటలు, పదో తరగతి పరీక్షలు రాసేసిన కుర్రాడు, నష్టపోయిన నాన్న. నీకు తెలిసిన చోటే కథ పెట్టుకున్నావు, చాలా సంతోషం. కానీ వాడు ఎక్కడ పెద్దవాడయ్యాడో నాకు కనిపించలేదు. ప్రేమ చెడింది, తాత పోయాడు, స్నేహితుడితో గొడవైంది. ఇవన్నీ వాడికి జరిగినవి. మరి వాడు చేసిందేంది?

మద్రాసు సినిమావాళ్ల పేట కోడంబాకంలో ఏళ్ల తరబడి కథాచర్చల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. అమ్మానాన్నలు కూడా మామూలు మనుషులేనని పిల్లాడికి మొదటిసారి తెలిసొచ్చే చోటే ఇలాంటి కథకు ప్రాణం. ఆ సీన్ నీ స్క్రిప్టులోనే ఉంది, నువ్వే దాటేశావు. వైరస్ పడి పంట పోయాక, నాన్న తాను అప్పుపడ్డ రొయ్యల మేత (ఫీడ్) షాపు ముందు నుంచి పోకుండా బండిని సందులోకి తిప్పుతాడు. వెనక కూర్చున్న వాడికి ఎందుకో అర్థం కాదు. దాన్ని అక్కడ వదిలెయ్యొద్దు. చివర్లో వాడొక్కడే సైకిల్ మీద వస్తూ అదే సందులోకి తిరగాలి, లేదంటే నేరుగా పోయి ఆ షాపు ముందే ఆగాలి. రెంటిలో ఏది చేస్తాడో తేల్చుకుంటే నీ కథ కుదిరినట్టే. అక్కడ డైలాగ్ మాత్రం వద్దు.

1959లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫో తీసిన ‘ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ చూడు. అందులో సైకాలజిస్టు అడిగేవాటికి హీరో వేషం వేసిన కుర్రాడు చాలావరకు సొంత మాటల్లోనే జవాబులు చెప్పాడు. నువ్వూ పిల్లలకు ఆ వీలివ్వు. వాళ్లు ‘యాడికి పోతుండావురా’ అంటే అట్నే ఉంచు, డబ్బింగ్‌లో మార్చొద్దు. ఆ సినిమా చివర పిల్లాడు సముద్రం దాకా పరిగెత్తుతాడు. తుమ్మలపెంట బీచ్ దగ్గరే కదా అని నువ్వూ అదే రాశావు. తీసెయ్.

అమెరికా దర్శకుడు లింక్‌లేటర్ ‘బాయ్‌హుడ్’ సినిమాని ఒకే పిల్లాడితో 2002 నుంచి 2013 దాకా కొంచెం కొంచెంగా తీశాడు. మనకది కుదరదు. పదిహేనేళ్లవాడి గొంతు షెడ్యూళ్ల మధ్యే మారిపోతుంది కాబట్టి, సీన్లు కథ వరసలో, వేసవి సెలవుల్లోనే షూట్ చేసెయ్. గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల మోతలో మాటలు వినపడవు, ముందే పోయి చూసుకో.

ఇంకొకటి. అమ్మ పాత్ర టీ ఇవ్వడానికి తప్ప రావట్లేదు. అప్పు సంగతి ఆమెకు ఎప్పుడు తెలిసింది? కొడుక్కంటే ముందేనా? అది తేల్చి రెండో డ్రాఫ్ట్ పంపు.

మామయ్య