కాలేజీ బాస్కెట్‌బాల్‌లో కెయిట్లిన్ క్లార్క్ పేరిట ఉన్న పాయింట్ల రికార్డు నిజంగా మగవాళ్ల రికార్డుని కూడా దాటిందా?

దాటింది: అయోవా యూనివర్సిటీకి పాయింట్ గార్డ్‌గా (ఆటను నడిపించే ప్లేయర్) ఆడిన కెయిట్లిన్ క్లార్క్ 3,951 పాయింట్లతో అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలోని పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడా మగా అందరికంటే పైన ఉంది. 2024 మార్చి 3న ఒహాయో స్టేట్ జట్టుపై, హాఫ్‌టైమ్‌కి ముందు వేసిన ఫ్రీ త్రోతో, మగవాళ్ల రికార్డు ఉన్న పీట్ మారవిచ్ 3,667 పాయింట్లను దాటేసింది.

దీనికి ప్రధాన కారణం ఆమె షాట్ దూరం. మూడు పాయింట్ల గీతకు (దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) చాలా వెనక నుంచే వేసేస్తుంది. డిఫెండర్ అంతదూరం ముందుకొస్తే వెనక ఖాళీ దొరుకుతుంది, అక్కడికి పాస్ వెళ్తుంది. అందుకే వెయ్యికి పైగా అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) కూడా ఉన్నాయి. 2023 ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో లూయీవిల్ జట్టుపై మ్యాచ్ చూడండి: 41 పాయింట్లు, 12 అసిస్టులు, 10 రీబౌండ్లు. ఎన్‌సీఏఏ టోర్నీలో 40 పాయింట్ల ట్రిపుల్ డబుల్ (ఒకే మ్యాచ్‌లో మూడు విభాగాల్లో రెండంకెల స్కోరు) అదే మొదటిది. అద్భుతమైన ఆట!

అయితే, ఆమె మారవిచ్ కంటే వేగంగా స్కోర్ చేసిందనుకోవడం పొరపాటు. ఆయన ఆడింది మూడు సీజన్లే, 83 మ్యాచ్‌లు. అప్పట్లో మూడు పాయింట్ల గీతే లేదు. క్లార్క్ 139 మ్యాచ్‌లు ఆడింది. నేషనల్ టైటిల్ గెలిచిందని కూడా చాలామంది అనుకుంటారు. గెలవలేదు, 2023, 2024 ఫైనల్స్ రెండూ ఓడింది.