ఆవాల వరుస వేస్తున్న మేనకోడలికి

చిరంజీవి సరళకు మామయ్య ఆశీస్సులు.

కుప్పం పొలంలో ఎకరా క్యాబేజీ పెడుతున్నావనీ, దాన్ని తినే డైమండ్ రెక్కల పురుగుకు ఎర పంటగా, అంటే అది క్యాబేజీని వదిలి అక్కడ గుడ్లు పెట్టేలా, మధ్యలో ఆవాలు వేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంగా ఉంది తల్లీ. మన ఇళ్లలో పురుగును ఎలా చంపాలని అడిగినవాళ్లే గాని, అది గుడ్డు ఎక్కడ పెడుతుందని అడిగినవాళ్లు లేరు. భయం కూడా ఉంది. అదెందుకో చెబుతాను, ముందు చిన్నవి కానీ.

దుక్కి, నారు, డ్రిప్పు సంగతి నీకు చెప్పనక్కర్లేదు. ఆడ పురుగు వాసనతో పిలిచే లింగాకర్షక బుట్టలు పెట్టు. వాటిలో పడేవి మగవే, కాబట్టి పురుగు వచ్చిందని తెలుస్తుంది తప్ప గుడ్లు ఎక్కడ పడుతున్నాయో తెలియదు. కోతయ్యాక మోళ్లు పొలంలో ఉంచకు.

ఆవ పెట్టిన కూర గుర్తు తెచ్చుకో. ఎండు ఆవగింజకు ఘాటు ఉండదు, నూరి తడిపితేనే ముక్కుకెక్కుతుంది. గింజలో సినిగ్రిన్ లాంటి గ్లూకోసినోలేట్లు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకోచోట దాగి ఉంటాయి. నలిగినప్పుడు రెండూ కలిసి ఐసోథయోసయనేట్లు పుడతాయి. క్యాబేజీ ఆకులోనూ ఈ ఏర్పాటే. చాలా పురుగులకు అది విషం. ఈ పురుగు పేగులో మాత్రం గ్లూకోసినోలేట్ మీది సల్ఫేటును ముందే తెంచేసే ఎంజైము ఉంది, అందుకని ఘాటు పుట్టనే పుట్టదు. ఇతరులను తరిమే వాసన తల్లి పురుగుకు చిరునామా అయిందన్నమాట.

తల్లి పురుగు చీకటి పడే వేళ తిరుగుతుంది. గాలిలో వాసన పట్టి మొక్కను చేరుతుంది. వాలాక మీసాలతో, గుడ్డు పెట్టే అవయవంతో ఆకును తడుముతుంది. పైపొర మీది గ్లూకోసినోలేట్లు అక్కడ తగిలితేనే ఈనెల పక్కన, గుంటల్లో ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. అర మిల్లీమీటరు గుడ్డు, లేత పసుపు, భూతద్దం కొనుక్కో. ఇలా రెండు పరీక్షలున్నాయి కాబట్టే దూరం నుంచి పిలిచిన మొక్కను కూడా తాకి చూసి వదిలేయవచ్చు. వేపగింజల కషాయం కొట్టిన ఆకు మీద గుడ్లు తక్కువ పడతాయి. అది క్యాబేజీ మీదే కొట్టు, ఆవాల మీద కొట్టకు. ఎరకు వేప పూస్తే ఎర ఎందుకు? 5 కిలోల వేపగింజల పప్పు పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లు చేసి, సబ్బుపొడి కలుపు. సబ్బు లేకపోతే క్యాబేజీ ఆకు మైనం మీద మందు నిలవదు.

ఇక నా భయం. ఆవాలు వేసినవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న తప్పొకటుంది. ఎర వేసి, అదే చంపుతుందని ఊరుకుంటారు. ఆవ మొక్క పిలుస్తుంది, అంతవరకే. చలిదేశాల్లో బార్బేరియా అనే మొక్క ఉంది. తల్లి దానిమీద ఎగబడి గుడ్లు పెడుతుంది, దానిలోని సపోనిన్లనే విష పదార్థాల వల్ల పిల్లలు బతకవు. మన ఆవాలకు ఆ గుణం లేదు, పిల్లలు దానిమీద ఏపుగా పెరుగుతాయి. లెక్క వేసుకో: మన వేడికి గుడ్డు 3, 4 రోజుల్లో పగులుతుంది. పిల్ల మొదట ఆకు లోపల తొలుస్తుంది, తర్వాత బయటికొచ్చి అడుగు నుంచి గీకుతుంది, అదొక పది రోజులు. వలలాంటి గూట్లో ఇంకో 4, 5 రోజులు. మూడు వారాలు తిరక్కుండానే నీ ఆవాల వరుసలోంచి కొత్త తల్లులు లేస్తాయి. ఒక్కోటి 150 దాకా గుడ్లు పెట్టగలదు, అందులో ఎక్కువ భాగం మొదటి కొన్ని రాత్రుల్లోనే. అప్పటికి ఆవాలు పూతకొచ్చి ఆకు ముదురుతుంది, పక్కనే క్యాబేజీ లేతగా ఉంటుంది. ఎక్కడికి పోతాయో నువ్వే చెప్పు. అప్పుడు పక్కపొలం వాళ్లొచ్చి "ఆవాలు వేశావు కాబట్టే పురుగు పెరిగింది" అంటారు. వాళ్ల మాట విని పీకేస్తే ఆ గుడ్లన్నీ క్యాబేజీకే.

కాబట్టి తేదీలు తప్పకు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ పద్ధతిలో ప్రతి 25 క్యాబేజీ వరుసలకు రెండు ఆవాల వరుసలు, లావు గింజ రకం. ఒకటి నారు నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. రెంటినీ ఒకేరోజు విత్తితే రెండోది ఉండీ లేనట్టే. నాటే రోజే విత్తితే ఇంకా అన్యాయం, క్యాబేజీ నాలుగైదు ఆకులతో వాసన కొడుతుంటే ఆవాలు అప్పటికి మొలకెత్తనే ఎత్తవు. ఆవాలకు డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వెయ్యి. గ్లూకోసినోలేట్ తయారవడానికి గంధకం కావాలి, అది సూపర్‌లో ఉంది, డీఏపీలో లేదు. గంధకం అందని మొక్క మీద ఈ పురుగు గుడ్లు తగ్గిస్తుంది, పిలవలేని ఎర ఎందుకూ కొరగాదు.

ఆవాకు అడుగున గుడ్లు కనబడగానే సంబరపడి కూర్చోకు. గుడ్లు పగిలి పిల్లలు వచ్చే సమయానికి బీటీ మందు (పురుగును చంపే బాక్టీరియాతో చేసింది), డబ్బా మీది మోతాదులో జిగురు కలిపి, ఆకు అడుగు తడిసేలా సాయంత్రం కొట్టు. ఎండలో ఆ మందు పాడైపోతుంది, పూత మీది తేనెటీగలకూ సాయంత్రమే మేలు. పాత కరపత్రాల్లో ఆవాల మీద డైక్లోర్‌వాస్ అనే పురుగుమందు కొట్టమని ఉంటుంది. 2020 చివరితో అది నిషేధం, ఎవరిచ్చినా తీసుకోకు.

ఆకులు గిల్లే పని, కలుపు పని పొద్దునే ముగించు. సాయంత్రం నలిగిన ఆకు ఘాటు తల్లులను ఇంకా పిలుస్తుంది. పురుగు కొరికిన వాసనే కోటీషియా అనే చిన్న కందిరీగకూ దారి చూపిస్తుంది, అది పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతుంది. పిల్ల పక్కన తెల్లటి చిన్న గూడు కనిపిస్తే ఆ ఆకు తెంపకు.

అంగడిలో మూడు మందులు కలిపి ఇస్తానంటే వద్దను. ఈ పురుగు 1950ల మొదట్లోనే జావాలో డీడీటీని తట్టుకుంది. 1990లో హవాయిలో బీటీని తట్టుకున్నవీ బయటపడ్డాయి. అందుకే బీటీనీ ప్రతిసారీ కొట్టకు, ఎదిగిన పిల్లలున్న ఆవాకులను పొద్దునే తెంచి సబ్బునీళ్లలో ముంచు.

వారానికోసారి పది ఆవ మొక్కలు, పది క్యాబేజీ మొక్కలు తిప్పి చూసి గుడ్లు లెక్కపెట్టు. క్యాబేజీ మీద ఎక్కువ కనబడిన రోజు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. మొదటి వరుస విత్తిన తేదీ మాత్రం ఇప్పుడే రాసి పంపు.

మీ మామయ్య