లెక్క వచ్చిన పిల్లలకు లయ ఎందుకు నిలబడదు? నేను చేసేది ఇదీ

మా బడిలో ఇరవై మంది పిల్లలు ఆదితాళం, అంటే ఎనిమిది దెబ్బల తాళం, వేళ్ల మీద చక్కగా లెక్కపెడుతున్నారు, కలిపి వాయించమంటే మాత్రం వేగం పెంచేసి పరుగెత్తుతున్నారు, ఏం చేయాలి అని ఒక టీచర్ అడిగారు. నేను నల్లగొండలో సాయంత్రాలు పిల్లలకు మృదంగం, డప్పు నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే ఇబ్బంది. ఇంకా పాఠాలు పెంచకండి. గుంపు మధ్యలో ఒక్కొక్కరికీ కాస్త ఖాళీ ఇచ్చి, తోచింది వాయించమనండి.

మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. బతుకమ్మ దగ్గర ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. అడుగూ చప్పట్లూ ఆగవు. ఆమె అప్పటికప్పుడు మాటలు కట్టి పాడినా, గుంపు అందుకునే చోటికి వచ్చి కలవాల్సిందే. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్, గునిల్డ్ కేట్‌మన్ పిల్లలకు సంగీతం నేర్పడానికి రూపొందించిన పద్ధతిలోనూ ఇలాంటి అమరికే కనిపిస్తుంది: అందరూ కలిసి ఒక ముక్క, మధ్యలో ఒకరు సొంతంగా, మళ్లీ అందరూ.

ముందు అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఉన్నచోటే అడుగు వేయించండి. నిమిషానికి ఎనభై అడుగులు చాలు, మరీ నెమ్మదైతే పిల్లలు ఆగలేరు. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఎనిమిది దెబ్బలు, అందరూ ‘తకధిమి’ చెప్తూ చప్పట్లు కొడతారు. తర్వాతి ఆవర్తనం ఒకరిదే. అప్పుడు మిగతావాళ్ల చేతులు ఆగుతాయి, కాళ్లు ఆగవు. ఆ ఒక్కరికి దొరికేది ఆరు సెకన్లు. ఏమైనా వాయించొచ్చు, ఏమీ వాయించకపోయినా తప్పులేదు. ఒకటే షరతు, అందరితో కలిసి సమం మీద, అంటే తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బ మీద, పడాలి.

మా క్లాసులో నోరు విప్పని అమ్మాయి ఒకామె ఉంది. తన వంతు రాగానే సిర్ర, అంటే డప్పు కొట్టే పుల్ల, పైకెత్తి అలాగే నిలబడింది. నాలుగు, ఐదు, ఆరు దాటాయి, దెబ్బ పడలేదు. ఏడు మీద ఒకటి, ఎనిమిది మీద గబగబా రెండు, తర్వాత సమం మీద గట్టిగా కొట్టింది. గుంపంతా సరిగ్గా అక్కడే అందుకుంది. అంతసేపూ ఆమె పాదాలు లయ తప్పలేదు. పరుగెత్తే పిల్లలకు చేతకానిది సరిగ్గా ఇదే. చప్పుడు లేకపోతే వాళ్లకు టెన్షన్, అందుకే ఖాళీని దెబ్బలతో నింపేస్తారు. అలాంటి పిల్లాడికి ‘నీ వంతులో మూడే దెబ్బలు’ అని చెప్పండి. ఎక్కడ కొట్టాలో వాడే వెతుక్కుంటాడు, ఆ వెతుకులాటలో ఆవర్తనం పొడవు ఒంటికి పడుతుంది.

ఇది కుదిరాక ఇద్దరిద్దరిని ఎదురెదురుగా పెట్టండి. ఒకరు ఎనిమిది దెబ్బల కాలం వాయిస్తే రెండోవాళ్లు ఎనిమిదికి జవాబివ్వాలి. తర్వాత నాలుగు, రెండు, ఒకటి. కచేరీలో తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, మృదంగం, ఘటం వాయించేవాళ్లు ఇలాగే తగ్గించుకుంటూ వచ్చి చివరికి కలుస్తారు. పిల్లలకు దీనికి మించిన ఆట లేదు, బెల్ కొట్టినా వదలరు. ముగింపుకు నోటితో ‘తకిట తకిట తక’ ఇవ్వండి. నోట్లో మూడు, మూడు, రెండు నడుస్తుంటే చేతిలో తాళం నాలుగు, రెండు, రెండుగా పోతుంది. రెండూ ఎనిమిది దగ్గరే తీరతాయి. ఐదు లెక్క ఖండచాపు, ఏడు లెక్క మిశ్రచాపు లాంటి తాళాలు తర్వాత చూసుకోవచ్చు.

మీరు మాత్రం కర్రతో బల్ల మీద కొట్టి లయ ఇవ్వకండి. మీ చప్పుడు వింటున్నంతసేపూ వాళ్లు పక్కవాడి అడుగు వినరు.

వాయిద్యాలు లేకపోతే చప్పట్లు, తొడలు, బెంచీలు చాలు. డప్పు దొరికితే వదలకండి. మన ఊళ్లలో డప్పు కొట్టేవాళ్లను బడికి పిలవండి. మంట దగ్గర తోలు కాచి శ్రుతికి తేవడం, కొందరు దరువు పట్టి ఉంచితే ఒకరు ముందుకొచ్చి విరుపులు వేయడం పిల్లలు కళ్లారా చూడాలి. డప్పు అనగానే ముఖం చిట్లించే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు, అది నాకు చాలా బాధ. వాళ్లనూ పిలిచి పిల్లల పక్కన గుండ్రంలో నిలబెట్టండి, వాళ్లకూ ఒక వంతు ఇవ్వండి.

ఇరవై మంది ఉన్నారన్నారు కాబట్టి రెండు గుంపులు చేయండి. లేకపోతే వంతు వచ్చేసరికి వెనకవాళ్ల ధ్యాస పోతుంది.