ఏ డ్రోన్ కొనాలని అడిగావు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రిమోట్ పైలట్ సర్టిఫికెట్ చేతికొచ్చిందని, ఇద్దరు స్నేహితులతో కలిసి సొంతంగా ఇన్‌స్పెక్షన్, మ్యాపింగ్ పనులు మొదలుపెడుతున్నావని తెలిసి సంతోషించాను. చివర్లో "ఏ డ్రోన్ కొనమంటావు మామయ్యా?" అని అడిగావు. దానికి నేనూ చివర్లోనే జవాబు రాస్తాను. మిగతావాటి ముందు అది చిన్న విషయం.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. ఈ పనిలోకి దిగిన రెండో ఏడు, ఒక వంతెన అడుగుభాగం ఫొటోలు తీసే పని వచ్చింది. సిగ్నల్ తెగితే ఏం చెయ్యాలో డ్రోన్‌కు ముందే చెప్పిపెడతాం కదా, నేను ఎప్పటిలాగే రిటర్న్ టు హోమ్, అంటే ముందు చెప్పిన ఎత్తుకు లేచి బయల్దేరిన చోటికి తిరిగి రమ్మనే సెట్టింగ్ పెట్టి, ఎత్తు 60 మీటర్లు ఇచ్చాను. పైన చెట్లు, స్తంభాలు తగలకుండా ఉండాలంటే అంత ఎత్తు మంచిదేనని నా లెక్క. వంతెన కిందికి వెళ్లి ఒక స్తంభం చాటుకు పోగానే సిగ్నల్ తెగింది. డ్రోన్ నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. 60 మీటర్ల ఎత్తుకు పోదామని నిటారుగా లేచింది. పైన ఉన్నది ఆకాశం కాదు, కాంక్రీటు. రెక్కలు విరిగి నీళ్లలో పడిపోయింది. ఆ సమయానికి కింద పడవ లేదు, అదొక్కటే అదృష్టం.

అప్పట్లో నాకు దొరికినవాటిలో అదే మంచి డ్రోన్. తప్పు దానిది కాదు. వంతెన కింద పని చేసేటప్పుడు సిగ్నల్ పోతే ఉన్నచోటే నిలబడమని సెట్టింగ్ మార్చుకోవాలి. ఆ మాట నా చెక్‌లిస్టులో ఉంది కూడా. ఆ రోజు క్లయింటు తరఫున వచ్చినాయన వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. రోజూ చేసేదే కదా అని నేను కాగితం తియ్యలేదు. అంతే జరిగింది.

ఈ రంగాన్ని ఎవరు తయారుచేశారని అడిగితే మీ వయసువాళ్లు డ్రోన్లు అమ్మే కంపెనీల పేర్లు చెప్తారు. నాకు వేరేవాళ్లు గుర్తొస్తారు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ లోరెంజ్ మేయర్, డ్రోన్ తనంతట తాను ఎగిరేలా చేసే పిక్స్‌హాక్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. దాని చుట్టూ పెరిగిన పీఎక్స్4 ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచే ఉంటుంది. బ్యాటరీ అయిపోతే ఏం చెయ్యాలి, జీపీఎస్ పోతే ఏం చెయ్యాలి అన్న భాగాలను కూడా ఎవరైనా విప్పి చదవొచ్చు, తప్పు పట్టొచ్చు. నాసాలో పరిమళ్ కోపర్దేకర్ బృందం పట్టుకున్నది ఇంకో చిక్కు. తక్కువ ఎత్తులో వందల డ్రోన్లు తిరిగితే వాటికి దారి చూపేది ఎవరు? విమానాలకు ఉన్నట్టు ఒక్కొక్కదానితో మనిషి మాట్లాడటం కుదరదు. అందుకని డ్రోన్ల ట్రాఫిక్ పద్ధతిని యూటీఎం పేరుతో రూపుదిద్ది, నాలుగు దశల్లో పరీక్షించారు. జనం లేనిచోట మొదలుపెట్టి, 2019లో చివరి దశకు వచ్చేసరికి రీనో, కార్పస్ క్రిస్టీ నగరాల నడిబొడ్డున ఎగరేశారు. ఆ వరస చూడు. మనవాళ్లలో చాలామంది మొదటి రోజే నడిబొడ్డున ఎగరేస్తారు.

రువాండాలో 2016 నుంచి ఆసుపత్రులకు డ్రోన్లతో రక్తం చేరవేస్తున్న జిప్‌లైన్ కంపెనీ గురించి నువ్వు చదివే ఉంటావు. అందరూ పొట్లం పారాచూట్‌తో దిగడం గురించే చెప్తారు. ఏదైనా తేడా వస్తే ఆ డ్రోన్ విమానాన్నే దించడానికి ఇంకో పారాచూట్ ఉంటుంది. నాకు ఆ రెండోదే నచ్చింది. అనేక దేశాల విమానయాన అధికారులు జారస్ అనే వేదిక మీద కలిసి తయారుచేసిన సోరా పద్ధతి కూడా అలాంటిదే. డ్రోన్ అదుపు తప్పితే కింద ఉన్నవాళ్లకు ఎంత ప్రమాదం, పైన ఇంకో విమానం ఎదురయ్యే అవకాశం ఎంత, అన్న ప్రశ్నలతో అది మొదలవుతుంది. చూడ్డానికి విసుగొచ్చే పత్రమే. అయినా ఒకసారి కూర్చుని చదువు. అడ్డమైన యూట్యూబ్ రివ్యూలు పది చూసేకంటే నయం.

ఇక పని దగ్గరికి వస్తాను. పరీక్ష పాసైనవాళ్లకు చట్టం తెలుస్తుంది, గాలి తెలియదు. నేల మీద ఆకు కదలకపోయినా వంద మీటర్ల పైన గాలి గట్టిగా ఉండొచ్చు. అందుకే ముందు గాలికి ఎదురుగా వెళ్లు, బ్యాటరీ తగ్గాక తిరిగొచ్చేటప్పుడు గాలి నిన్ను తోసుకొస్తుంది. తిరగేసి చేసినవాళ్ల డ్రోన్లు పొలాల్లో, చెరువుల్లో దిగాయి. బ్యాటరీ 30 శాతానికి వచ్చేసరికి డ్రోన్ నేల మీద ఉండాలని మీ ముగ్గురూ ఒప్పందం చేసుకోండి. చలిలో అయితే ఆ 30 కూడా నమ్మొద్దు, వోల్టేజీ ఉన్నట్టుండి పడిపోతుంది. కాస్త ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే "ఇంకొక్కసారికి పనికొస్తుందిలే" అనే స్నేహితుడు మీలో తప్పకుండా ఒకడుంటాడు. ఆ బ్యాటరీని వాడి చేతికి అందకుండా పెట్టు. నిల్వ చేసేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. పూర్తిగా నింపి, అంటే 4.2 దగ్గర, వారాల తరబడి అల్మరాలో పడేస్తే అది పాడవుతుంది.

రెక్కల అంచు మీద గోరు పెట్టి నెమ్మదిగా జరుపు. కంటికి కనబడని పగులు గోటికి తగులుతుంది. కంపాస్ కాలిబ్రేషన్, అంటే డ్రోన్‌లోని దిక్సూచిని సరిచేయడం, కారు పక్కన, ఇనుప చువ్వలున్న కాంక్రీటు మీద చెయ్యొద్దు. చేస్తే డ్రోన్ ఉన్నచోట నిలవకుండా గుండ్రంగా తిరుగుతుంది, ఆ చుట్టు పెద్దదవుతూ పోతుంది. డ్రోన్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు వచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పనికి వెళ్లే రోజు ఉదయం ఎప్పుడూ చెయ్యకు. నేనొకసారి చేశాను. కంట్రోలర్, డ్రోన్ ఒకదాన్నొకటి గుర్తుపట్టక రోజంతా ఎండలో కూర్చున్నాను. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది.

ఇంకొకటి, జీపీఎస్ లేకుండా ఎగరేయడం నేర్చుకో. జీపీఎస్ సాయం ఉండని యాటీ మోడ్‌లో పెడితే చేయి వదిలినా డ్రోన్ ఆగదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఖాళీ మైదానంలో ఒక చిన్న పాత డ్రోన్‌తో వారానికి అరగంట చాలు. ఎత్తైన గోడల మధ్య జీపీఎస్ పోయిన రోజున, టెన్షన్‌లో, ఆ అరగంటలే నీ వేళ్లకు గుర్తొస్తాయి.

జనం మీదుగా ఎగరేయకూడదని రూలు చదివావు. ఎందుకో లెక్క వేసి చూశావా? 45 మీటర్ల ఎత్తు నుంచి రాయి పడితే 3 సెకన్లలో నేలకు చేరుతుంది, అప్పటికి దాని వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. డ్రోన్‌ను గాలి కొంత ఆపుతుంది గానీ, కింద తల ఉన్నవాడికి అది ఊరట కాదు. నాలుగు మోటార్ల డ్రోన్‌కు ఒక మోటారు ఆగిందంటే మామూలుగా అదుపులో ఉండదు. ఆరో ఎనిమిదో ఉంటే దిగడానికి కాస్త అవకాశం ఉంటుంది. 2015 డిసెంబరులో ఇటలీలో స్కీయింగ్ పోటీ జరుగుతుంటే పోటీలో ఉన్న మార్సెల్ హిర్షర్ వెనకాలే ఒక కెమెరా డ్రోన్ కూలింది. వీడియో చూడు. అతనికీ దానికీ మధ్య ఎంత తక్కువ దూరం ఉందో నేను చెప్తే నమ్మవు.

2017 సెప్టెంబరు 21న న్యూయార్క్ దగ్గర జరిగిన సంగతి దానికంటే ఎక్కువ ఆలోచించాల్సింది. ఒక చిన్న డ్రోన్ సైనిక హెలికాప్టర్‌ను ఢీకొట్టింది. ఎగరేసినతను దాన్ని కంటితో చూడటం లేదు, చేతిలోని ట్యాబ్లెట్‌లో మ్యాప్ చూస్తున్నాడు. అక్కడ డ్రోన్లు ఎగరేయడంపై తాత్కాలిక నిషేధం ఉందని అతనికి తెలియదు. హెలికాప్టర్ క్షేమంగా దిగింది, అందులో డ్రోన్ మోటారు ముక్క దొరికింది. దర్యాప్తు వాళ్లు ఫోన్ చేసేదాకా ఢీకొట్టిన సంగతే అతనికి తెలియదు! డ్రోన్ తిరిగి రాకపోతే ఏ నీళ్లలోనో పడిందనుకున్నాడు. కాబట్టి స్క్రీన్ నీది, ఆకాశం నీ పక్కన నిలబడి డ్రోన్‌ను కంటితో కనిపెట్టుకునే అబ్జర్వర్‌ది. అబ్జర్వర్ ఫొటోలు బాగున్నాయా అని స్క్రీన్‌లోకి తొంగి చూడకూడదు. ఆ రోజు ఎగరేసే చోట నిషేధాలేమైనా వచ్చాయేమో బయల్దేరేముందు చూసుకున్నా, ఎగరేసే ముందు ఇంకోసారి చూసుకోవాలి.

క్లయింట్ల సంగతి. వాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకు తెలియదంతే. నువ్వు ఎగరేస్తుంటే పక్కన చేరి "ఆ మూల కూడా చూపించమ్మా, ఇంకాస్త దగ్గరికి" అంటారు. నువ్వు మొహమాటపడి అటు తిరుగుతావు. పనికి ముందే చెప్పెయ్: డ్రోన్ గాలిలో ఉన్నంతసేపు నాతో ఎవరూ మాట్లాడొద్దు, ఏం కావాలన్నా అబ్జర్వర్‌కు చెప్పండి, తను సమయం చూసి నాకు చెప్తుంది. ఒకసారి విన్నాక అందరూ పాటిస్తారు, గౌరవం కూడా పెరుగుతుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు కెమెరా ఎటు తిరుగుతుందో ముందే చెప్తే సగం గొడవలు రావు. ఇన్సూరెన్స్ తీసుకున్నారనే అనుకుంటున్నాను, లేకపోతే ఈ ఉత్తరం మధ్యలో ఆపి ఆ పని చూడు.

అసలు కష్టం "ఈ రోజు వద్దు" అని చెప్పడం. ఆడపిల్లవి, వయసులో చిన్నదానివి, ఎదుటివాడు నలుగురు మనుషుల్ని పనిలోకి పిలిపించి నిలబెట్టి ఉంటాడు. ఆ క్షణంలో ఆలోచించి చెప్పాలంటే ఎవరికైనా నోరు రాదు. అందుకే ముందే రాసిపెట్టుకో. గాలి ఇంత దాటితే, చూపు ఇంత తగ్గితే, అబ్జర్వర్ రాకపోతే పని వాయిదా, అని ఒప్పందంలోనే ఒక పేరా పెట్టు. అప్పుడు వద్దన్నది నువ్వు కాదు, ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం. ఇంకో ముఖ్యమైన మాట. మీ ముగ్గురిలో ఎవరు ఒక్కరు వద్దన్నా ఆగిపోవాలి, కారణం ఆ తర్వాతే అడగాలి. ఇద్దరి మాట నెగ్గడానికి ఇదేమీ ఎన్నిక కాదు.

లాగ్ బుక్ రాయి. ఎంతసేపు ఎగరేశావన్నది యాప్ కూడా రాసుకుంటుంది, అది రాయనిది నువ్వు రాయాలి. ఎక్కడ గుండె ఝల్లుమంది, ఏది తృటిలో తప్పింది, ఎవరు తొందరపెట్టారు. విమానాల వాళ్లు ఇలాంటివి పేరు బయటపడకుండా పంపడానికి నాసా 1976 నుంచే ఒక ఏర్పాటు నడుపుతోంది. ఒకరి పొరపాటు ఇంకొకరికి పాఠమయ్యే దారి వాళ్లు అలా వేసుకున్నారు. మనలో చాలామంది డ్రోన్ పడిపోతే గుట్టుచప్పుడు కాకుండా కొత్తది కొనుక్కుంటారు. నేనూ అదే చేశాను. వంతెన కథ ఏడెనిమిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఈలోగా నాకు తెలిసిన కుర్రాడొకడు వేరే వంతెన కింద అచ్చం అలాగే ఒక డ్రోన్ పోగొట్టుకున్నాడు. నా దగ్గరికొచ్చి చెప్తుంటే తల దించుకుని విన్నాను.

సరే, ఏ డ్రోన్ కొనాలి? ఇప్పుడే పెద్దది వద్దు. మీ దగ్గరలో రిపేరు చేసేవాళ్లు, విడిభాగాలు దొరికే మధ్యరకం డ్రోన్ ఒకటి చాలు. మిగిలిన డబ్బుతో బ్యాటరీలు ఎక్కువ కొనండి, వాటి మీద నంబర్లు రాయండి. చేతిలో పట్టుకుని గాలివేగం చూసే ఎనిమోమీటర్ ఒకటి కూడా తీసుకోండి.

మొదటి నెల లాగ్ బుక్ పేజీలు ఫొటో తీసి నాకు పంపు. ఎగరేయకుండా వెనక్కి వచ్చేసిన రోజులవి కూడా.

ఆశీస్సులతో,
మీ మామయ్య