చదివిన చదువంతా కడిగే పనికా?

ప్రశ్న: పరవాడలో ఒక ఫార్మా యూనిట్‌లో పదిహేనేళ్లుగా ఆపరేటర్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ఎమ్మెస్సీ చేసి ల్యాబ్ ఉద్యోగం చూసుకోమంటే వినడం లేదు. కెమికల్ ప్రమాదాలు జరిగినచోట లోపలికి వెళ్లి వచ్చినవాళ్లను, వాళ్ల సామగ్రిని శుభ్రం చేసే 'డీకాన్' పని నేర్చుకుంటానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు హజ్మత్ (ప్రమాదకర పదార్థాలతో పని) సర్టిఫికెట్ ఇస్తాం, అరవై వేలు కట్టమంటున్నారు. ఇంత చదివించింది మనుషుల్ని పైపుతో కడగడానికా అని వాళ్లమ్మ ఏడుస్తోంది. నాకూ టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
ఒక తండ్రి, గాజువాక

జవాబు:

నమస్కారమండీ. ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. షిఫ్ట్ అయ్యాక యూనిఫాంతోనే ఇంటికి వస్తారా, ప్లాంట్‌లోనే స్నానం చేసి బట్టలు మార్చుకుని వస్తారా? మార్చుకునే వస్తుంటే మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్న పనిలో మొదటి మెట్టు మీకు పదిహేనేళ్లుగా తెలుసు. ఒంటికి అంటినది గేటు దాటకూడదు, డీకాన్ అంటే అంతే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే చేతులూ ఒళ్లూ కడుక్కునే వసతి గురించి, పనిచేసేటప్పుడు వేసుకోని బట్టలు దాచుకునే వసతి గురించి విడిగా సెక్షన్లు పెట్టారు. అప్పటికే అది అంత ముఖ్యమని తెలుసు.

వాళ్లమ్మగారి బాధ నాకు అర్థమైంది. పని పేరు వింటే అలాగే అనిపిస్తుంది. అందుకే అది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. విన్నాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ప్రమాదం జరిగినచోటును మూడుగా విడగొడతారు. కెమికల్ ఉన్న చోటు హాట్ జోన్. అంబులెన్సులు, అధికారులు, సామగ్రి ఉండేది కోల్డ్ జోన్. మధ్యలోది వార్మ్ జోన్. డీకాన్ లైన్ అక్కడే వేస్తారు, గాలి వచ్చే వైపున, వీలైతే కాస్త ఎత్తున. హాట్ జోన్‌లోంచి బయటికి ఆ ఒక్క దారే ఉంటుంది. కెమికల్ ఒంటికి తగలకుండా కాపాడే సూట్ వేసుకున్నవాళ్లు ముందు చేతిలో పనిముట్లు ఒక ప్లాస్టిక్ షీటు మీద వదిలేస్తారు. తర్వాత ట్రేలో నిలబడితే నీళ్లు పోస్తారు, సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి పైనుంచి కిందికి రుద్దుతారు, మళ్లీ కడుగుతారు. ఆ తర్వాతే విప్పడం. పై గ్లవ్స్, బూట్లు అయ్యాక, సూట్‌ను లోపలి వైపు బయటికి వచ్చేలా చుడుతూ దించుతారు. బయటి పొర ఒంటికి తగలకూడదు. ఊపిరి అందించే మాస్క్ దాదాపు చివరిదాకా ముఖం మీదే ఉంటుంది. అన్నిటికన్నా ఆఖరున లోపలి గ్లవ్స్. ఈ వరస ఒక్కచోట తప్పినా అప్పటిదాకా పడిన జాగ్రత్తంతా వృథా.

ఇందులో చదువెక్కడుందంటారా? ప్రతి కెమికల్‌నూ నీళ్లతో కడగలేం. సోడియం లోహం మీద నీళ్లు పడితే మంట లేస్తుంది. పొడి సున్నం ఒంటి మీద పడితే ముందు పొడిగానే దులిపెయ్యాలి, ఆ తర్వాత ధారాళంగా నీళ్లు. యాసిడ్ పడిన చర్మం మీద సోడా పోస్తే విరుగుడవుతుందని చాలామంది అనుకుంటారు. ఆ చర్యలో పుట్టే వేడికి గాయం ఇంకా పెరుగుతుంది, అందుకే అక్కడ నీళ్లే పొయ్యాలి. వట్టి ఆవిరి తగిలినవాళ్లకు బట్టలు మార్చి మంచి గాలిలో ఉంచితే చాలాసార్లు సరిపోతుంది. ద్రవం పడినవాళ్లకు అది చాలదు. ఏది పడిందో కనుక్కుని, ఎంతసేపు, దేనితో అని నిమిషాల్లో తేల్చాలి. మీ అమ్మాయి మూడేళ్లు చదివిన కెమిస్ట్రీ అంతా ఇక్కడ పనికొస్తుంది.

సామగ్రి సంగతి ఇంకా చిక్కు. స్టీల్ పనిముట్టును కడిగి మళ్లీ వాడొచ్చు. తోలు బెల్టు, చెక్క పిడి, తాడు కెమికల్‌ను పీల్చుకుంటాయి, ఎంత కడిగినా పోదు, పారెయ్యాల్సిందే. రబ్బరు గ్లవ్ చూపుకు బాగానే ఉంటుంది, చిల్లు ఉండదు, అయినా కొన్ని సాల్వెంట్లు (ఇతర పదార్థాల్ని కరిగించే ద్రవాలు) దాని గుండా మెల్లగా లోపలికి దిగిపోతాయి. అందుకే కంటికి శుభ్రంగా కనిపించిందని వదిలెయ్యరు. పీహెచ్ పేపర్ పెడతారు, ఆవిరిని పట్టే మీటరు పెడతారు, తుడిచి శాంపిల్ ల్యాబ్‌కు పంపుతారు. కడిగిన నీళ్లనూ కాలవలోకి వదలకుండా డ్రమ్ముల్లో పట్టి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. అలాంటిది మీ పరవాడలోనే ఉంది, హైదరాబాద్ వైపు దుండిగల్‌లో ఉంది.

నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక ఫ్యాక్టరీలో మాక్ డ్రిల్ చూడటానికి పిలిచారు. సైరన్ మోగగానే ఇద్దరు కుర్రాళ్లు బీఏ సెట్లు, అంటే ఊపిరికి గాలి అందించే సిలిండర్, మాస్క్ తగిలించుకుని చకచకా లోపలికి వెళ్లారు, అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి డీకాన్ దగ్గర ట్రే లేదు, పైపు దొరకలేదు, ఎవరు కడగాలో ఎవరికీ చెప్పలేదు. సిలిండర్లో గాలి అయిపోవస్తోందని విజిల్ మోగుతోంది. సూట్ విప్పలేరు, ఊపిరి చాలదు. డ్రిల్ కాబట్టి నవ్వుకుంటూ మాస్కులు తీసేశారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేరుకు 45 నిమిషాల సిలిండర్ బరువు పనిలో అరగంట కూడా రాకపోవచ్చు. కడిగించుకోవడానికి పట్టే టైమ్ కూడా అందులోంచే తియ్యాలి. అందుకే డీకాన్ సిద్ధమయ్యేదాకా లోపలికి ఎవరినీ పంపకూడదన్నది ఈ రంగంలో మొదటి నియమం. "ఇంకా సిద్ధం కాలేదు, ఆగండి" అని చెప్పాల్సింది డీకాన్ చూసేవాళ్లే. ఆ మాట చెప్పాలంటే చదువూ కావాలి, ధైర్యమూ కావాలి.

కడగకపోతే ఏమవుతుందో టోక్యోలో చూశారు. 1995 మార్చి 20న మెట్రో రైళ్లలో సారిన్ అనే విషాన్ని వదిలారు. దగ్గర్లోని సెయింట్ లూక్స్ ఆసుపత్రికి మొదటి రోజే 640 మంది వచ్చారు. వాళ్ల బట్టలకు అంటిన విషం వార్డుల్లోకి వచ్చేసింది. తర్వాత అడిగి చూస్తే, జవాబిచ్చిన 472 మంది సిబ్బందిలో 110 మందికి ఏవో లక్షణాలు కనిపించాయి. రైలు ఎక్కని డాక్టర్లు, నర్సులు వాళ్లు.

మన విశాఖ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చి 12 మంది ప్రాణాలు పోయాయి. జాతీయ విపత్తు దళం ఎన్‌డీఆర్‌ఎఫ్ సిబ్బంది దిగారు. కానీ రసాయన ప్రమాదాల ప్రత్యేక నిపుణుల్ని పుణె నుంచి, ట్యాంకులో చర్యను ఆపే రసాయనాన్ని గుజరాత్ నుంచి విమానాల్లో తెప్పించాల్సి వచ్చింది. ఇన్ని ఫ్యాక్టరీలున్న తీరంలో ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడే ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మీ అమ్మాయికీ అదే అనిపించి ఉంటుంది.

ఇంకొకటి వాళ్లమ్మగారికి తప్పకుండా చెప్పండి. ఒంటి మీద కెమికల్ పడినవాళ్లకు బట్టలు తీసెయ్యడమే సగానికి పైగా శుభ్రం చేసినట్టు. ఫార్మా ప్యాకింగ్‌లో, క్లీనింగ్‌లో ఎంతమంది ఆడవాళ్లు పనిచేస్తారో మీకు తెలుసు. ప్రమాదం జరిగిన గంటలో, నలుగురు మగవాళ్ల ముందు బట్టలు తియ్యమంటే ఎవరు తీస్తారు? సిగ్గుతో తడి బట్టల్లోనే నిలబడిపోతారు, విషం చర్మంలోకి దిగుతూనే ఉంటుంది. అడ్డుగా తెర కట్టి, "రామ్మా, నేనున్నాను" అనే ఆడమనిషి అక్కడ ఉండాలి. అలాంటివాళ్లు ఎక్కడా చాలినంతమంది లేరు.

ఇక కెరీర్ సంగతి. ఆ అరవై వేలు కట్టకండి. మన దగ్గర 'డీకాన్ ఉద్యోగం' అని విడిగా నోటిఫికేషన్ దాదాపు రాదు. ఫ్యాక్టరీ సేఫ్టీ, ఫైర్ సర్వీసు, విపత్తు దళాల ఉద్యోగాల్లో అది ఒక భాగం. అమెరికా పేరుతో అమ్మే కార్డులతో ఇంకా జాగ్రత్త. అక్కడ కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ, ప్రమాదకర వ్యర్థాలతో పనిచేసేవాళ్లకు ఇచ్చే హజ్‌వోపర్ శిక్షణకు సొంతంగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. శిక్షణ అయిందని రాసివ్వాల్సింది శిక్షణ ఇచ్చినవాళ్లు, పనిలో పెట్టుకున్న యజమాని. మనిషిని సూట్‌లోకి దించకుండా నాలుగు వీడియోలు చూపించి ఇచ్చే కాగితంతో ఇక్కడెవరూ ఉద్యోగం ఇవ్వరు.

మీ అమ్మాయికి నేను చెప్పే దారి సేఫ్టీ ఆఫీసర్. ఇప్పటిదాకా చాలా రాష్ట్రాల నిబంధనల ప్రకారం ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే రెండేళ్లు, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీ ఉంటే ఐదేళ్లు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ హోదాలో అనుభవం, దాని పైన ఇండస్ట్రియల్ సేఫ్టీలో గుర్తింపు ఉన్న డిప్లొమా కావాలి. అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష కూడా బాగా రావాలని ఉంది. తెలుగులో చెప్పి ఒప్పించగలగడం కూడా అర్హతే. కొత్త కార్మిక చట్టాలైన లేబర్ కోడ్‌లతో నిబంధనలు మారుతున్నాయి, కాబట్టి చేరేముందు ఫ్యాక్టరీల శాఖ ఆఫీసులో ఒకసారి అడగండి. డిప్లొమాకు చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ కేంద్ర ప్రభుత్వానివి, వాటినే ముందు చూడండి. అంటే బీఎస్సీ అవగానే ఏదైనా యూనిట్‌లో ప్రొడక్షన్‌లోనో ఈహెచ్‌ఎస్‌ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే విభాగం)లోనో చేరాలి, క్వాలిటీ ల్యాబ్‌లో కాదు. ఐదేళ్లు ఎక్కువే, నిజమే. కానీ ప్లాంట్ తెలియని సేఫ్టీ ఆఫీసర్ మాట ఆపరేటర్లు వినరని మీకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఫైర్ సర్వీసు మీద మనసుంటే నాగపూర్‌లో నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది. 2002లో హర్షిణీ కన్హేకర్ అక్కడ చేరిన తొలి మహిళ. కోర్సును బట్టి చదువు, వయసు, ఎత్తు, బరువు నియమాలుంటాయి, నోటిఫికేషన్ చూసుకోవాలి. ఎన్‌డీఆర్‌ఎఫ్‌లోకి మాత్రం నేరుగా ఉద్యోగాలు తియ్యరు. కేంద్ర సాయుధ దళాల్లో చేరినవాళ్లు డిప్యుటేషన్ మీద వెళ్తారు. విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉన్న పదో బెటాలియన్ కూడా అంతే.

కష్టాలూ చెప్పాలి. మే నెల విశాఖ ఉక్కపోతలో ఆ సూట్‌లో ఇరవై నిమిషాలుంటే చెమటతో బట్టలు తడిసి ముద్దవుతాయి. వడదెబ్బ పెద్ద ప్రమాదం, అందుకే లోపలికి వెళ్లేముందూ వచ్చాకా బీపీ, నాడి చూస్తారు. కడిగేవాళ్లు కూడా సూట్ వెయ్యాలి. ఆస్తమా ఉన్నా, ఇరుకులో ఊపిరాడనట్టు అనిపించే భయం ఉన్నా ఈ పని వద్దు. కళ్లజోడు ఉంటే మామూలు ఫ్రేము మాస్క్‌లో పట్టదు, లోపల బిగించే అద్దాలు వేరుగా చేయించుకోవాలి. ఇవి ఇప్పుడే అమ్మాయిని అడగండి.

డబ్బు ఖర్చులేని పని ఒకటి చెబుతాను. మీ ప్లాంట్‌లో వాడే మెథనాల్ లాంటి సాల్వెంట్ ఎంఎస్‌డీఎస్ (ఆ కెమికల్ భద్రతా వివరాల పత్రం) ఒకటి తెచ్చి, ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని చదవండి. ప్రథమ చికిత్స చెప్పే నాలుగో భాగం, ఒలికినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే ఆరో భాగం, ఏ గ్లవ్స్ వెయ్యాలో చెప్పే ఎనిమిదో భాగం. "ఇది నాన్న చొక్కా మీద పడితే ముందేం చెయ్యాలి?" అని ఆమెనే అడగండి, ఆమె జవాబు రాయాలి. మీరు అనుభవంతో దిద్దండి. మీ ఇద్దరికీ కుదరని ప్రశ్నలు ఏమైనా మిగిలితే ఆమె చేతే రాయించి నాకు పంపించండి, చూస్తాను.