చెప్పుల్లేకుండా పరిగెత్తడం కొత్తగా ఎలా మొదలుపెట్టాలి? బేర్‌ఫుట్ షూస్ కొనాలా?

మీరు రెండు ప్రశ్నలు అడిగి, కింద "ముందు పార్కులో గడ్డి మీద మొదలుపెడదాం అనుకుంటున్నా" అని కూడా రాశారు. బేర్‌ఫుట్ షూస్, అంటే ఉత్తికాళ్లతో ఉన్నట్టే అనిపించాలని పల్చటి సోల్‌తో చేసేవి, వాటి సంగతి ముందు చెప్పేస్తా, కొనకండి. గడ్డి మీద కూడా వద్దు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్ద కథే, టీ పెట్టుకుని కూర్చోండి.

మాది శ్రీకాకుళం. మా వైపు పొద్దున్న అయిదింటికి ఏ గ్రౌండ్‌కి వెళ్లినా ఆర్మీకో కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అయ్యే కుర్రాళ్లే ఉంటారు. వాళ్లకి లోకంలో ఉన్నది ఒకటే, 1600 మీటర్ల పరుగు. ఆర్మీ వాళ్ల దగ్గర ఫుల్ మార్కులు పడాలంటే అది 5 నిమిషాల 30 సెకన్లలోపు అయిపోవాలి, ఒకసారి మీరు వాచీ పెట్టుకుని ట్రై చేసి చూడండి, అదేమిటో తెలుస్తుంది. వీళ్లలో చాలామంది ఉత్తికాళ్లతోనే పరిగెడతారు, షూస్ ఉన్నవాళ్లు కూడా రిక్రూట్‌మెంట్ ర్యాలీ రోజుకని ఇంట్లో దాచుకుంటారు. నేనేమో బ్యాంకు ఉద్యోగిని, నలభై దాటినవాడిని, అడుగున మెత్తలాంటి సోల్ ఉన్న ఖరీదైన షూస్ వేసుకుని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ చుట్టూ తిరిగేవాణ్ణి. ఆ కుర్రాళ్లు పక్కనుంచి దాటిపోతుంటే గాలి తగిలేది తప్ప చప్పుడుండేది కాదు. నేను వస్తుంటే మాత్రం ముందు నడిచే ఆంటీలు వెనక్కి చూసి జరిగి దారిచ్చేవాళ్లు.

ఒకరోజు వాళ్లలో ఒక కుర్రాడు, ఆమదాలవలస అవతల ఏదో పల్లెటూరు, రౌండ్లు అయిపోయి మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కాసేపు నా షూస్ కేసి చూసి "ఏటి సార్, అలగ దబదబా పరిగెడతారు, మోకాళ్లు నొప్పెట్టవా?" అన్నాడు. అవి నొప్పెడుతున్న మాట నిజమే కాబట్టి నేనేం మాట్లాడలేదు. "ఇప్పేయండి సార్ ఓపాలి" అన్నాడు. షూస్ విప్పి మట్టి ట్రాక్ వైపు వెళ్లబోతే అటు కాదని చెప్పి పక్కనున్న సిమెంటు కోర్టు మీదకి తీసుకెళ్లాడు. సిమెంటు మీదేంట్రా బాబూ, మోకాళ్లు నొప్పని నువ్వే అన్నావు కదా అంటే నవ్వాడంతే.

"ముందు ఉన్నచోటే ఎగరండి" అన్నాడు. ఎగిరాను. "మడమల మీద దిగారేటి?" అనడిగాడు. నిజమే, మడమల మీద దిగలేదు. ఎవడూ దిగడు, మీరు ఇది చదవడం ఆపి ఇప్పుడే ఎగిరి చూడండి, వేళ్ల మొదళ్ల దగ్గర ఉబ్బుగా ఉంటుందే ఆ భాగం మీద దిగుతారు, తర్వాత మడమ మెల్లిగా నేలకి ఆనుతుంది, మోకాలు దానంతటదే కొంచెం ఒంగుతుంది. "అలగే ఎగురుతూ ఎగురుతూ ముందుకెల్లండి, పరుగంటే అదే సార్" అన్నాడు. వెళ్లాను. రెండు మూడు అడుగులు బాగానే పడ్డాయి, ఆ తర్వాత పాత అలవాటు కొద్దీ కాలు ముందుకి చాచేసరికి మడమ సిమెంటుకి ఠక్కున తగిలింది, ఆ దెబ్బ దవడ దాకా వచ్చింది. షూస్ వేసుకున్నప్పుడూ అదే దెబ్బ పడుతూనే ఉంటుంది, సోల్ మెత్తన మూలాన మనకి చాడీ చెప్పేవాడు ఉండడు, అంతే. ఆ ఒక్క దెబ్బతో నా అడుగు చిన్నదైపోయింది, ఎవరూ చెప్పకుండానే.

తర్వాత ఆ కుర్రాడు చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కోర్టు మధ్యలో కళ్లు మూసుకుని కూర్చుని నన్ను చుట్టూ పరిగెత్తమన్నాడు. నేను తిరుగుతున్నా, చలికాలం, సిమెంటు చల్లగా ఉంది, దాని మీద పడ్డ ఇసక పలుకులు కూడా అరికాలికి ఒక్కొక్కటే తెలుస్తున్నాయి, వీడు కళ్లు తెరవకుండా "సప్పుడు... సార్, సప్పుడు" అంటున్నాడు. ఇంకో చుట్టు తిరిగాక "కుడికాలు కొడతన్నారు, ఎడమది బాగుంది" అన్నాడు. నా నొప్పి కుడి మోకాలిదే! ఆ విషయం వాడికి నేను చెప్పలేదు. ఇంకా తిరిగే ఓపిక ఉంది నాకు, అయినా "సాలు, ఇంక షూస్ ఏస్కోండి" అని ఆపేశాడు. అలసట రాలేదు కదరా అంటే "రేపు తెలస్తాది లెండి" అని వెళ్లిపోయాడు.

తెలిసింది. మర్నాడు పొద్దున్నకి పిక్కలు రెండూ రాళ్లయిపోయాయి. ఎక్కడం పర్లేదు, దిగడం నరకం, బ్యాంకులో పై అంతస్తునుంచి రెయిలింగ్ పట్టుకుని పక్కవాటుగా ఒక్కో మెట్టూ దిగుతుంటే మా సెక్యూరిటీ గార్డు "సింహాచలం గిరి ప్రదక్షిణకి గాని ఎల్లొచ్చారా సార్" అనడిగాడు. అది 32 కిలోమీటర్లు, నేను పరిగెత్తింది చూస్తే కోర్టు చుట్టూ కాసేపు! మడమ మీద పడే భారం పిక్కలకీ, మడమ వెనకాల మనం నరం అనేసే లావుపాటి స్నాయువుకీ మారింది కదా మరి, ఇన్నేళ్లూ వాటికి పనేముంది.

సిమెంటు మీదే ఎందుకంటే ఇందుకే. గట్టి నేల తప్పు పట్టుకుంటుంది. గడ్డి మీద మీరు మడమ కొట్టేసినా అది ఊరుకుంటుంది, నెల తిరిగినా ఏమీ నేర్చుకోరు, పైగా గడ్డిలో ఏముందో కనబడదు. మన పార్కుల్లో గడ్డిలో ఉండేది గడ్డొక్కటే అని నమ్మేవాళ్లకి నా నమస్కారం. బీరు సీసాల పెంకులు, పల్లేరు కాయలు, పెళ్లి ఫొటోషూట్లకి వచ్చినవాళ్లు వదిలేసిన పిన్నులు, అన్నీ దొరుకుతాయి. బీచ్ ఇసక ఇంకా మోసం. పొడి ఇసకలో మడమ దిగబడిపోయి వెనక నరం సాగుతుంది, తడి ఇసకేమో సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో. కళింగపట్నం బీచ్‌లో హాయిగా నడవండి, నేర్చుకోడానికి మాత్రం అది చోటు కాదు. కొత్తగా వేస్తున్న వాకింగ్ ట్రాకుల సంగతి అసలు ఎత్తకండి, ఇంటర్‌లాక్ టైల్స్ పరుస్తారు, ఆర్నెల్లకి ఒకటి లేస్తుంది ఒకటి కుంగుతుంది, బొటనవేలికి ఎదురుదెబ్బ గ్యారంటీ. ట్రాక్ వేసేవాళ్లు ఒక్కరోజైనా దానిమీద నడుస్తారా అని నా డౌటు. నున్నటి సిమెంటు, శుభ్రంగా ఊడ్చిన మేడ, లేదా పొద్దున్నే ట్రాఫిక్ లేని మంచి తారు రోడ్డు, ఈ మూడే.

ఇక్కడే మనవాళ్లు ఒక తెలివి చూపిస్తారు. "నేను ప్రతి ఏడూ అయ్యప్ప మాల వేస్తా, 41 రోజులు చెప్పుల్లేకుండానే తిరుగుతా, నా పాదాలు రెడీ" అంటారు. మాల నేనూ వేస్తాను. తోలు గట్టిపడుతుంది నిజమే, కొన్ని వారాల్లోనే అరికాలు బాగా మొద్దుబారుతుంది. కానీ తోలు గట్టిపడినంత త్వరగా లోపల ఎముకలు గట్టిపడవు. పాదం పైభాగంలో వేళ్లకి వెళ్లే సన్నటి పొడుగు ఎముకలు ఉంటాయి చూడండి, వాటికి నెలలు పడుతుంది. తోలు నొప్పెట్టడం మానేసిన రోజున మనిషికి ధైర్యం వచ్చి కిలోమీటర్లు పెంచేస్తాడు, ఎముక చిట్లేది అప్పుడే. అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2013లో దీన్ని ఎమ్మారై తీసి మరీ చూపించారు, పది వారాల పాటు వేళ్లు విడివిడిగా ఉండే పల్చటి షూస్‌కి మారిన 19 మంది రన్నర్లలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు కనబడింది. వాళ్లేమీ సోమరిపోతులు కాదు, ఎప్పట్నుంచో పరిగెత్తేవాళ్లే. కాబట్టి మాల వేసిన స్వామీ అయినా, తిరుపతి మెట్లు ఎక్కే భక్తుడైనా, మొదట్నుంచే మొదలుపెట్టాలి. నడక వేరు, పరుగు వేరు.

అందుకే ఆ షూస్ వద్దన్నాను. కాలికి చేతి గ్లవుజు తొడిగినట్టుండే అవి అమ్మిన విబ్రమ్ కంపెనీ పాదాలు బలపడతాయి, దెబ్బలు తగ్గుతాయి అని ప్రచారం చేసుకుంటే దానికి ఆధారం ఏదని అమెరికాలో కేసు పడింది, తప్పు ఒప్పుకోకుండానే 2014లో 37.5 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. నా గొడవ డబ్బు గురించి కూడా కాదు. వాటితో మీకు గరుకు తెలియదు, గరుకు తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. మొదట్లో అరికాలు మంటపుట్టి "ఇవాల్టికి చాలు" అనడమే మీకున్న బ్రేకు. ఆ బ్రేకు తీసేయడానికి వేలకి వేలు పోయడం ఎందుకు?

అలాగని షూస్ అంటే పాపం అనే బ్యాచ్‌లో నేను లేను. వాళ్లు మాట్లాడితే అబెబె బికిలా పేరెత్తుతారు. అవును, ఆ ఇథియోపియా మహానుభావుడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్ ఉత్తికాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో కొట్టాడు. సగం కథ చెప్పి ఆపేస్తారు వీళ్లు. ఆయనే 1964 టోక్యోలో షూస్ వేసుకుని మళ్లీ గెలిచాడు, అదీ 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో, అపెండిక్స్ ఆపరేషన్ అయ్యి రెండు నెలలైనా కాకుండా! ఆయనకి పరుగొచ్చు, కాలికి ఏముంది అనేది తర్వాతి మాట. నేను కూడా ఇప్పుడు వారంలో కొన్ని రోజులు ఉత్తికాళ్లు, దూరం ఎక్కువైతే షూస్. కానీ షూస్‌లో కూడా చప్పుడు రాదు ఇప్పుడు.

వాట్సాప్‌లో ఇంకో బ్యాచ్ ఉంది, భూమిలో నెగటివ్ ఎలక్ట్రాన్లు పాదాల్లోంచి ఎక్కి బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు అన్నీ పోతాయని ఫార్వర్డ్‌లు పంపుతారు. మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య ఒకాయన ఇది నమ్మి పొద్దున్నే చెప్పుల్లేకుండా తిరగడం మొదలెట్టాడు, ఆయనకి పదేళ్లుగా షుగరు. వదిన గట్టిగా అరిచి ఆపింది కాబట్టి సరిపోయింది. షుగరు ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, గాజుపెంకు దిగినా తెలియదు, తెలిసేసరికి పుండై కూర్చుంటుంది. మీకు గానీ అరికాళ్లు తిమ్మిర్లు, మంటలు ఉంటే ఈ జవాబు మొత్తం వదిలేయండి, డాక్టర్ని అడగండి. మిగతావాళ్లు టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి.

సరే ఎలా మొదలుపెట్టాలి అంటే, మొదటి రెండు మూడు వారాలు పరుగు మాట వద్దు, ఇంట్లో, మేడ మీద, సందులో చెప్పుల్లేకుండా నడవండి. తర్వాత మీరు రోజూ చేసే పరుగు షూస్‌తోనే చేసి, చివర్లో విప్పి ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు సిమెంటు మీద. మర్నాడు సెలవు, పిక్కలు పట్టేసి ఉంటే ఇంకోరోజు సెలవు. అడుగులు పొట్టివిగా, గబగబా, కాలు మీ ఒంటి కిందే పడాలి, ముందుకి చాచొద్దు. మడమ అసలు ఆనకూడదని మునికాళ్ల మీద డాన్సు చేసేవాళ్లని చూశా, అది కూడా తప్పే, ముందుభాగం దిగాక మడమ వచ్చి ఆనాలి, లేకపోతే పిక్క తెగిపోతుంది. పిక్కల్లో రెండువైపులా సమానంగా నొప్పి ఉంటే అది పని చేసిన నొప్పి. పాదం పైన ఒకేచోట, వేలితో నొక్కితే కెవ్వుమనేలా ఉంటే మాత్రం ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి, నూనె రాసి కట్టు కట్టించుకుంటే పోయేది కాదది. పాటలు వినకండి పరిగెత్తేటప్పుడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే మీ కాళ్లు మీకు వినబడవు, అప్పుడు ఇదంతా దండగ.

మార్చి దాటాక పొద్దున్న ఏడున్నరకే తారు కాలుతుంది, ఆ మూడు నెలలూ తెల్లారగట్లే కానిచ్చేయండి లేదంటే మేడ మీద. ఇంతకీ మీది ఏ ఊరో రాయలేదు. అనంతపురం, కర్నూలు వైపు అయితే సర్కారు తుమ్మ ముళ్ల గొడవ ఉంటుంది, అక్కడి రన్నర్లెవరైనా ఉంటే దాని గురించి కింద కామెంట్లో చెప్పండి, మా వైపు అంత లేదు.